కోట అన్న మాట: క్రాంజీ, వార్తాపత్రికలు, ప్రాముఖ్యపు భాష

సింగపూర్ ద్వీపపు ఉత్తరపు అంచున, జొహోర్ జలసంధికి చేరువలో ఉన్న క్రాంజీలో ఒక యుద్ధ శ్మశానం ఉంది. పచ్చిక పరచిన వాలు మీద వరుసలు తీరిన తెల్లని శిలలు, వాటికి పైన రెక్క ఆకారపు కప్పు కింద పేర్లు చెక్కిన గోడలు. ఇక్కడి 4,400కు పైగా సమాధుల్లో 850కి పైగా ఎవరివో తెలియనివి. సమాధే లేని సైనికుల, వైమానికుల పేర్లు 24,000కు పైగా గోడల మీద ఉన్నాయి. ఈ పేర్లలో పంజాబీలున్నారు, గూర్ఖాలున్నారు, ఆస్ట్రేలియన్లున్నారు, దక్షిణ భారతీయులున్నారు. ఏ పేరు పక్కనా విశేషణం లేదు. ఒకరు ‘మహావీరు’డనీ మరొకరు ‘సామాన్యుడ’నీ రాయి చెప్పదు. పేరు, హోదా, దళం, సమాధి ఉంటే మరణించిన తేదీ, అంతే.

ఈ మనుషులు బతికి పోరాడుతున్న రోజుల్లో వారిని గురించి రాసిన వార్తలు ఇలా లేవు. 1941 డిసెంబరు నుంచి 1942 ఫిబ్రవరి వరకు మలయా యుద్ధపు ప్రకటనలు, పత్రికల శీర్షికలు విశేషణాలతో నిండి ఉండేవి. ఏది ముఖ్యమో, ఎవరు ముఖ్యులో, ఏ నష్టం భరించదగినదో ఆ మాటలే నిర్ణయించాయి. వాటిని నమ్మినవారిలో కొందరు ఆ నమ్మకం వల్లనే ప్రాణాలు పోగొట్టుకున్నారు. వార్తాభాష ప్రాముఖ్యాన్ని ఎలా తయారుచేస్తుందో చూడడానికి క్రాంజీ తగిన స్థలం. విశేషణాలూ, వాటి పర్యవసానాలూ ఇక్కడ పక్కపక్కనే కనిపిస్తాయి.

ముఖ్యమని చెప్పే పద్ధతులు

ఒక సంఘటన ఎందుకు వార్త అవుతుందన్న ప్రశ్నను క్రమబద్ధంగా అడిగినవారిలో నార్వే పరిశోధకులు యోహాన్ గాల్టుంగ్, మారీ హోల్మ్‌బో రూగె ముఖ్యులు. కాంగో, క్యూబా, సైప్రస్ సంక్షోభాలపై నార్వే పత్రికల వార్తలను పరిశీలించి 1965లో వారు ప్రచురించిన వ్యాసం ఈ రంగానికి పునాది అయింది. అగ్రరాజ్యాలకు, అగ్రవ్యక్తులకు సంబంధించినది, పాఠకుడి సంస్కృతికి దగ్గరగా ఉన్నది, చెడ్డది వార్తగా నిలిచే అవకాశం ఎక్కువన్నది వారు చెప్పిన వాటిలో కొంత. ఆ తరువాత భాషాశాస్త్రజ్ఞులు వార్తలోని వాక్యాల వైపు దృష్టి మళ్లించారు. మోనికా బెద్నారెక్ 2006లో వెలువరించిన పుస్తకంలో బ్రిటిష్ పత్రికల వార్తలను పరిశీలించి, మూల్యాంకన భాషను కొన్ని కొలమానాలుగా విడదీశారు. మంచి-చెడు ఒకటి, ఊహించినది-ఊహించనిది మరొకటి, ముఖ్యం-అముఖ్యం ఇంకొకటి. ఈ చివరిది మొదటిదానితో కలిసిపోదని గుర్తించడం ఆ విభజనలోని ప్రయోజనం. ‘కీలకమైన’ అన్న మాట మంచినీ చెప్పదు, చెడునూ చెప్పదు. ఇటు చూడు, ఇది పెద్దది అని మాత్రమే చెబుతుంది. అందుకే అది అభిప్రాయంలా కాక సమాచారంలా వినిపిస్తుంది.

తెలుగు పత్రికా పాఠకుడికి ఈ మాటలు బాగా తెలుసు. చారిత్రక, ప్రతిష్ఠాత్మక, కీలక, సంచలన, ప్రముఖ, ఘన. ఇవి బయటికి కనిపించే పనిముట్లు. తెలుగులో వీటికంటె బలమైనవి క్రియల్లో దాగి ఉన్నాయి. ఒకరు ‘పరమపదిస్తారు’, ఒకరు ‘అస్తమిస్తారు’, ఒకరు ‘కన్నుమూస్తారు’, ఒకరు ‘అమరులవుతారు’, ఒకరు ‘మరణిస్తారు’, ఒకడు ‘చనిపోతాడు’, ఒకడు ‘హతమవుతాడు’. శరీరానికి జరిగినది అందరి విషయంలోనూ ఒక్కటే. క్రియ మాత్రం మనిషి హోదాను, రాసినవారి పక్షాన్ని, పాఠకుడు ఎంత విచారించాలన్న కొలతను మోసుకొస్తుంది. ‘ఆరు’, ‘ఆడు’ అన్న రెండు ప్రత్యయాల మధ్య ఒక సామాజిక వ్యవస్థ అంతా ఇమిడి ఉంది. ఇంగ్లీషు విలేకరి మనిషి స్థాయిని చెప్పడానికి అదనంగా ఒక మాట వెతుక్కోవాలి. తెలుగు విలేకరి వాక్యాన్ని ముగించాలంటేనే ఆ నిర్ణయం తీసుకోవాలి.

మూడో పద్ధతి మరింత నిశ్శబ్దమైనది. ఎవరికి పేరు పెట్టాలి, ఎవరిని సంఖ్యగా చెప్పాలి, ఎవరిని ‘ఇతరులు’ అనాలి అన్న ఎంపిక అది. అందులో విశేషణమే ఉండదు కాబట్టి ఆక్షేపించడానికి ఏమీ దొరకదు. మలయా యుద్ధ వార్తల్లో ఈ మూడు పద్ధతులూ కనిపిస్తాయి.

దుర్భేద్యం

బ్రిటిష్ ప్రభుత్వం కోట్ల పౌండ్ల ఖర్చుతో సింగపూర్ ఉత్తర తీరాన నిర్మించిన నౌకాస్థావరపు పెద్ద డాక్ 1938 ఫిబ్రవరి 14న ప్రారంభమైంది. దాన్ని వర్ణించడానికి పత్రికలకు రెండు మాటలు స్థిరపడ్డాయి. ఒకటి ‘తూర్పు జిబ్రాల్టర్’, రెండవది ‘దుర్భేద్యమైన కోట’. తెలుగులో దుర్గం అన్న మాటకే చేరరానిదన్న అర్థం ఉంది. అంటే ఆ పదంలోనే ఒక తీర్పు ఇమిడి ఉంది. ‘కోట’ అన్న పేరు పెట్టగానే సింగపూర్‌కూ అలాంటి తీర్పే అంటుకుంది. గోడలెక్కడ, ఏ దిక్కున అని ఎవరూ అడగవలసిన అవసరం లేకపోయింది.

నిజానికి అక్కడ ఉన్నది కోట కాదు, తీరంలో ఫిరంగులు పెట్టిన ఒక నౌకాస్థావరం. అయిదు పదిహేను అంగుళాల ఫిరంగులు సముద్రం మీద నుంచి వచ్చే నౌకలను ఎదుర్కోవడానికి అమర్చినవి. వాటిలో కొన్ని భూభాగం వైపు కూడా తిరగగలిగేవే. కాని వాటి గుండ్లలో అధికభాగం నౌకల ఉక్కు తొడుగును ఛేదించడానికి తయారైనవి, నేల మీది పదాతిదళంపై వాటి ప్రభావం పరిమితం. ఫిరంగులన్నీ సముద్రం వైపే బిగుసుకుపోయాయన్న కథ తరువాత పత్రికల్లో పాకింది. ‘దుర్భేద్యం’ అన్నది ఎంత అతిశయోక్తో ఇదీ అంతే, రెండూ చెప్పడానికి సులువైనవి కనుక నిలిచాయి. ఉత్తర తీరాన, అంటే క్రాంజీ ఉన్న వైపు, శాశ్వత రక్షణ నిర్మాణాలు లేవన్న సంగతి బ్రిటిష్ ప్రధాని చర్చిల్‌కు కూడా 1942 జనవరిలో గాని స్పష్టంగా తెలియలేదు. పత్రికలు ప్రజలకు చెప్పిన మాటనే ప్రభుత్వమూ నమ్మింది.

వైద్యంలో ‘తీవ్రమైన’ అన్న మాటకు ఒక కొలత ఉంటుంది. రక్తపోటు ఇంత, జ్వరం ఇన్ని డిగ్రీలు, శ్వాస నిమిషానికి ఇన్నిసార్లు. కొలత మారితే మాట మార్చవలసి వస్తుంది. ‘దుర్భేద్యం’ అన్న మాటకు అలాంటి కొలత ఏదీ లేదు. అందువల్ల అది తప్పని తేలే రోజు వచ్చేవరకు తప్పు కాలేదు.

1941 డిసెంబరు 8న యుద్ధం మొదలైన రోజే సర్వసేనాని బ్రూక్-పోపమ్ దినాజ్ఞ పత్రికల్లో వచ్చింది. తాము సిద్ధంగా ఉన్నామనీ, సన్నాహాలు పూర్తిచేసి పరీక్షించుకున్నామనీ, చైనాతో ఏళ్ల తరబడి పోరాడి జపాన్ నీరసించిపోయిందనీ దాని సారాంశం. ఆ ప్రకటనను నెలల ముందే రాసి ఉంచారు. ప్రపంచానికి అది సంఘటన తరువాతి అంచనాలా కనిపించింది. అసలు సంఘటన జరగకముందే మూల్యాంకనం పూర్తయి, తేదీ కోసం ఎదురుచూస్తూ ఉంది.

‘ఇతర భారీ నౌకలు’

అంతకు ఆరు రోజుల ముందు, డిసెంబరు 2న, రెండు పెద్ద యుద్ధనౌకలు సింగపూర్ చేరాయి. ఒకటి కొత్తగా కట్టిన ‘ప్రిన్స్ ఆఫ్ వేల్స్’, రెండవది మొదటి ప్రపంచయుద్ధ కాలపు ‘రిపల్స్’. అధికార ప్రకటన మొదటిదాన్ని పేరుతో చెప్పి, రెండవదాన్ని ‘ఇతర భారీ నౌకలు’ అన్న మాటలో కలిపేసింది. ఆ తరువాత రిపల్స్ ఎక్కిన అమెరికన్ రేడియో విలేకరి సెసిల్ బ్రౌన్, తమ ఓడ పేరు లేకుండా పోయినందుకు నావికులు ఎంత నొచ్చుకున్నారో తరువాత నమోదు చేశాడు. మరణం ఎదురుగా ఉన్న మనుషులకు కూడా వార్తలో తమ పేరు ఉండడం చిన్న విషయం కాదు.

డిసెంబరు 10న జపాన్ విమానాలు రెండు నౌకలనూ ముంచేశాయి. పేరున్న ఓడలో 327 మంది, పేరులేని ఓడలో 513 మంది చనిపోయారు. ప్రాణాలతో బయటపడిన బ్రౌన్ ఆ వార్తను ప్రపంచానికి అందించాడు. సింగపూర్ అధికారుల నిశ్చింతను విమర్శించినందుకు మరుసటి నెలలోనే అతని ప్రసార అనుమతి రద్దయింది. తప్పుడు విశేషణానికి శిక్ష లేదు. దాన్ని ప్రశ్నించినవాడికి ఉంది.

ఎవరు జనం?

డిసెంబరు నడుమ పెనాంగ్ దీవి మీద బాంబులు పడ్డాయి. యూరోపియన్ నివాసులను రాత్రికి రాత్రి పడవల్లో దాటించారు. చైనీయులు, మలయులు, భారతీయులు వెనక ఉండిపోయారు. ఆ తరువాత మంత్రి డఫ్ కూపర్ రేడియో ప్రసంగం పెనాంగ్ జనంలో అధికభాగాన్ని తరలించినట్టు అర్థం వచ్చేలా సాగింది. విన్న ఆసియావాసులు మండిపడ్డారు. ఆ వాక్యంలో దూషణ లేదు, విశేషణం లేదు. ‘జనం’ అన్న మాటకు వక్త ఎవరిని లెక్కించాడన్నదే అందులోని మూల్యాంకనం. లెక్కకు రానివారు, తాము లెక్కలో లేమని ఆ ఒక్క మాటతో తెలుసుకున్నారు.

వెనక మిగిలినవారిలో ఒక సంపాదకుడున్నాడు. ‘స్ట్రెయిట్స్ ఎకో’ పత్రికను నడిపిన సింహళ తమిళుడు మాణిక్కసోతి శరవణముత్తు. పాలకులు వెళ్లిపోయాక ఊరి కమిటీకి నాయకత్వం వహించి, కోట మీద ఇంకా ఎగురుతున్న బ్రిటిష్ పతాకాన్ని దించినది ఆయనే. ఇక బాంబులు వేయవద్దని రేడియోలో ప్రకటన చేయించారు. ‘మొండిగా నిలుస్తాం’ వంటి ఏ శీర్షికకంటెను విశేషణాలు లేని ఆ ప్రకటన ఎక్కువమంది ప్రాణాలు కాపాడింది.

ఊళ్లు జారాయి, మాటలు నిలిచాయి

ఆ డెబ్బై రోజుల ప్రకటనల్లో వెనకడుగు ‘వ్యూహాత్మక ఉపసంహరణ’ అయింది, ప్రతిఘటన ఎప్పుడూ ‘దృఢం’గానే ఉంది. ప్రకటనల్లో నిజం చెప్పక తప్పనివి ఊరి పేర్లే. డిసెంబరు 8న కోటా బారు, ఆ వారంలోనే జిత్రా, సంవత్సరాంతానికి కంపార్, జనవరి 7న స్లిమ్ నది, 11న కౌలాలంపూర్, నెలాఖరుకు జొహోర్. పటం దగ్గర పెట్టుకుని చదివిన పాఠకుడికి దళాలు దక్షిణానికి వస్తున్నాయని తెలిసేది. విశేషణాలను మాత్రమే చదివినవాడికి యుద్ధం నిలిచిన చోటే నిలిచినట్టు కనిపించేది. విశేష్యాలు కదులుతూ ఉంటే విశేషణాలు కదలకపోవడం, వార్త చదివేవారు గమనించదగిన మొదటి ప్రమాద సూచన.

జనవరి 31న చివరి దళాలు జొహోర్ నుంచి ద్వీపంలోకి వచ్చాక కాజ్‌వేను పేల్చివేశారు. ఫిబ్రవరి 8 రాత్రి వాయవ్య తీరాన జపాన్ సైన్యం దిగింది. 9 రాత్రి ఇంపీరియల్ గార్డ్స్ దళం క్రాంజీ నది ముఖానికీ కాజ్‌వేకూ మధ్య దిగడం మొదలుపెట్టింది. అక్కడ కాపున్న 27వ ఆస్ట్రేలియన్ బ్రిగేడ్ అధిపతి డంకన్ మాక్స్‌వెల్, యుద్ధానికి ముందు వైద్యవృత్తిలో ఉన్నవాడు. ఆస్ట్రేలియన్ సైనికులు చమురు నిల్వలను నీటిలోకి వదిలి నిప్పంటించారు. మండుతున్న నీటిలో జపాన్ సైనికులు కాలిపోయారు. దిగ్భ్రాంతి చెందిన వారి సేనాని నిషిమురా దాడి ఆపడానికి అనుమతి కోరాడు. సరిగ్గా ఆ వేళకే, వెనక దారి తెగిపోతుందన్న భయంతో, మాక్స్‌వెల్ దళాలు తీరం విడిచి దక్షిణానికి కదిలాయి. నిలుపుకోగలిగిన చోటు చేయిజారింది.

ఈ ఘట్టాన్ని ‘వీరోచిత ప్రతిఘటన’ అనవచ్చు. ‘ఘోర తప్పిదం’ అనవచ్చు. రెండింటికీ ఆధారాలున్నాయి. ఏ ఒక్క విశేషణం ఎంచుకున్నా మిగతా సగం కనిపించకుండా పోతుంది. ఫిబ్రవరి 15 ఆదివారం సింగపూర్‌లో పత్రిక ఒకే ఒక్క కాగితంగా వెలువడింది. శత్రువు ఒత్తిడి బలంగా ఉందనీ, రక్షణ మొండిగా సాగుతోందనీ దాని శీర్షిక భావం. ఆ సాయంత్రం బుకిత్ తిమాలోని ఫోర్డ్ కర్మాగారంలో జనరల్ పెర్సివల్ లొంగుబాటు పత్రంపై సంతకం చేశాడు.

అదే రోజుల్లో సింగపూర్ సార్వజనిక ఆసుపత్రికి ఒక్కొక్కరిని విడిగా పాతిపెట్టడానికి వీలులేనంత మంది మృతులు వచ్చారు. అత్యవసర నీటి తొట్టి కోసం ముందే తవ్విన గోతిలో 400 మందికి పైగా పౌరులను, సైనికులను కలిపి ఖననం చేశారు. వారి స్మారకం ఇప్పుడు క్రాంజీలో ఉంది. ఏ శీర్షికా వారిని ఆనాడు పట్టించుకోలేదు.

పేరు మారిన పత్రిక

లొంగుబాటు జరిగిన వారంలోపే ‘స్యోనాన్ టైమ్స్’ పేర ఇంగ్లీషు పత్రిక మొదలైంది. సింగపూర్ స్యోనాన్ అయింది, సంవత్సరం 1942 కాక 2602 అయింది. నిన్నటి దుర్భేద్యమైనది నేటి విముక్తమైనది. విశేషణాలు పక్షం మారాయి. ఏది పెద్దదో పాఠకుడికి బదులు పత్రికే నిర్ణయించి చెప్పే పద్ధతి మాత్రం మారలేదు. 1945 సెప్టెంబరులో ‘స్ట్రెయిట్స్ టైమ్స్’ తిరిగి వచ్చినప్పుడు, సింగపూర్ మళ్లీ బ్రిటిష్‌దే అన్న ఆనందంతో వచ్చింది. ఆ ఆనందం ఎవరిదన్న ప్రశ్నకు ఆ శీర్షికలో చోటులేదు.

భారతీయులకు ఆ ప్రశ్న తప్పనిది. 1942 ఫిబ్రవరి 17న ఫారర్ పార్కులో వేల సంఖ్యలో భారత సైనికులను జపాన్ వారికి అప్పగించారు. వారిలో కొందరు ఆజాద్ హింద్ ఫౌజులో చేరారు, కొందరు చేరక ఖైదులో మరణించారు. ఒకే పల్టనుకు చెందిన ఇద్దరు ఒక పత్రికలో ‘ద్రోహి’, ‘విశ్వాసపాత్రుడు’ అయితే, మరో పత్రికలో ‘దేశభక్తుడు’, ‘బానిస’ అయ్యారు. సుభాస్ చంద్రబోస్ 1945 జూలైలో ఎస్‌ప్లనేడ్‌లో శంకుస్థాపన చేసిన ఫౌజు స్మారకాన్ని, సెప్టెంబరులో తిరిగివచ్చిన బ్రిటిష్ సైన్యం కూల్చింది. ఒక స్మారకాన్ని కూల్చడం కూడా ప్రాముఖ్యాన్ని గురించి చేసే ప్రకటనే.

తెలుగు తీరానికి యాభై రోజులు

సింగపూర్ లొంగిపోయిన యాభయ్యో రోజున, 1942 ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. తీరపు పట్టణాల నుంచి జనం మూటముల్లెలతో లోపలి ఊళ్లకు తరలిపోయారు. మద్రాసులో ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని నగరం విడిచాయి. ఆ నాటి తెలుగు పాఠకుడి ముందు మద్రాసులో ఆంధ్రపత్రిక, ఆంధ్రప్రభ, బందరులో కృష్ణాపత్రిక ఉన్నాయి. భారత రక్షణ నిబంధనల నీడలో యుద్ధవార్తల మూలం చాలావరకు అధికార ప్రకటనలే. నెలల తరబడి దుర్భేద్యమని విన్నది వారం రోజుల్లో కూలడం చూసిన జనం, ఇక ‘భయపడవలసిన పనిలేదు’ అన్న మాటను ఎలా నమ్ముతారు? అతిశయపు భాష చేసే హాని అక్కడితో ఆగదు, తరువాత వచ్చే నిజాన్ని కూడా అది నమ్మదగనిదిగా మార్చేస్తుంది.

మలయా తోటల్లో తమిళులతో పాటు పనిచేసిన తెలుగు కూలీలకు ఆ యుద్ధం మరో రూపంలో వచ్చింది. 1942-43ల్లో సయాం-బర్మా రైలుమార్గం కోసం తోటల నుంచి కూలీలను తరలించారు. అక్కడ పనిచేసిన సుమారు 60,000 మంది మిత్రరాజ్యాల ఖైదీల్లో 12,000కు పైగా మరణించారు. ఆసియా కూలీల మరణాలు దానికి ఎన్నో రెట్లు, కాని వారిని పేరుపేరునా లెక్కించినవారు లేరు. ఖైదీకి సైనిక సంఖ్య ఉంది, పల్టను జాబితా ఉంది, యుద్ధం ముగిశాక వెతికే సంఘం ఉంది. కూలీకి ఇవేవీ లేవు. క్రాంజీ గోడల మీద వారి పేర్లు లేకపోవడానికి కారణం ఎవరో వారిని తక్కువ మాటతో పిలవడం కాదు, అసలు ఏ మాటా రాయకపోవడం.

రాతి వ్యాకరణం

క్రాంజీ కథ ఒక ఆసుపత్రి పక్కన మొదలైంది. ఆ ప్రాంతపు ఖైదీల శిబిరంలో ఆసుపత్రి ఏర్పాటైనప్పుడు, అక్కడ మరణించినవారి కోసం ఖైదీలే చిన్న శ్మశానం మొదలుపెట్టారు. 1946లో చాంగీ తదితర చోట్ల సమాధులను ఇక్కడికి మార్చి దాన్ని విస్తరించారు. కోలిన్ సెయింట్ క్లెయిర్ ఓక్స్ రూపకల్పన చేసిన స్మారకాన్ని 1957 మార్చి 2న గవర్నర్ రాబర్ట్ బ్లాక్ ఆవిష్కరించారు. హోదా, జాతి, మతం అన్న భేదం లేకుండా అందరినీ ఒకే తీరున స్మరించాలన్నది యుద్ధ సమాధుల సంఘపు సూత్రం. ఆ సూత్రం అన్నిచోట్లా అమలు కాలేదనీ, మొదటి యుద్ధంలో మరణించిన ఆఫ్రికన్లు, భారతీయులు అనేకులకు సమాన స్మరణ దక్కలేదనీ ఆ సంఘమే 2021లో ఒక నివేదికతో ఒప్పుకుంది. క్రాంజీలో కూడా మత సంప్రదాయం ప్రకారం దహనమైన దాదాపు 800 మందికి, వారిలో అత్యధికులు భారతీయ సైనికులు, విడిగా స్మారకం ఉంది. రాయికీ ఒక వ్యాకరణం ఉంది. ఎవరికి విడి శిల, ఎవరికి గోడమీద ఒక పంక్తి, ఎవరికి ఏమీ లేదన్నది అందులోని ప్రత్యయం.

అయినా పత్రికకూ రాయికీ ఒక తేడా ఉంది. రాయి తన లెక్కను బయటపెడుతుంది. ఉన్న పేర్లు లెక్కించవచ్చు, లేని పేర్లు ఏవో అడగవచ్చు. విశేషణం అలాంటి లెక్కకు అవకాశం ఇవ్వదు. ‘చారిత్రక ఒప్పందం’, ‘కీలక సమావేశం’, ‘భారీ నష్టం’ అన్నప్పుడు ఆ మాట తీసివేస్తే మిగిలేది ఏమిటో చూడాలి. తేదీ, స్థలం, సంఖ్య, పేరు మిగిలితే అది వార్త. ఏమీ మిగలకపోతే ఆ విశేషణమే వార్తగా చలామణీ అయిందని అర్థం.

యుద్ధ శ్మశానాన్ని ఆనుకునే సింగపూర్ రాజ్య శ్మశానం ఉంది. అక్కడ ఇద్దరు దేశాధ్యక్షుల సమాధులున్నాయి. 1981లో మరణించిన బెంజమిన్ షియర్స్ ప్రసూతి వైద్యుడు. 1970లో మరణించిన యూసోఫ్ ఇషాక్ పత్రికా రచయిత. మలయుల వార్తలు మలయుల చేతుల్లో ఉండాలని 1939లో ‘ఉతుసాన్ మెలాయు’ స్థాపించినవారిలో ప్రముఖుడు. ఇతరుల పత్రికలో ‘ఇతరులు’గా మిగిలిన జనానికి తమదైన పత్రిక ఎందుకు అవసరమో ఆయనకు తెలుసు. ఆయన సమాధి నుంచి కొద్ది అడుగుల దూరంలోనే, ఏ పత్రికా పేరు రాయని మనుషుల శిలల వరుసలు మొదలవుతాయి.